పెద్ద డాక్టరుగారింటి చేపల పులుసు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, మా పెన్షనర్ల సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. ఒకప్పుడు మా అందరికీ పై అధికారిగా చేసిన పెద్ద డాక్టరుగారు పోయారట, ఆదివారం సంతాప సభట, ఆయన కింద మొదటినుంచీ పనిచేసినవాళ్లలో ఓపికున్నది నాకొక్కదానికే గనక వచ్చి ఆయన గురించి రెండు మంచి మాటలు చెప్పాలట. రెండు మంచి మాటల కోసం సాయంత్రం దాకా వెతుక్కుంటూ కూర్చున్నాను. ఒకటి దొరికింది, ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది. రెండోది ఇంతవరకూ దొరకలేదు. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదని మీరంటారు, ఆ మర్యాద నాకూ తెలుసు. కానీ ఆయన ఉన్నన్నాళ్లూ నోరెత్తే హోదా నాకు లేకపోయె, పోయాక ఎత్తితే తప్పంటే ఇంక నేనెప్పుడు మాట్లాడాలో మీరే చెప్పండి. సభకి వెళ్లనని చెప్పేశాను. అక్కడ చెప్పనిది మీకు చెబుతున్నాను.

మాది విశాఖపట్నంలో సముద్రపొడ్డున వేట మీద బతికే ఊరు. మా నాన్న, మా బావ పడవెక్కి వేటకి వెళ్లినవాళ్లే, మా అమ్మా అక్కా తట్ట నెత్తినెట్టుకుని వీధులు తిరిగి చేపలమ్మినవాళ్లే. ఊరికి ఒకవైపు సముద్రం, ఇంకోవైపు సైన్యంవారి బేసు గోడ. ఆ గోడ కిందనుంచి ఒక కాలవ బయటికొచ్చి మా గెడ్డలో కలిసేది, గెడ్డ పోయి సముద్రంలో పడేది. గోడకి ఇవతల నాలుగడుగుల్లోనే మా నుయ్యి. ఉప్పు నేల మధ్య అంత తియ్యటి నీళ్లు ఎలా ఊరేవో ఎవరికీ తెలియదు గానీ, నా చిన్నతనంలో ఆ నీళ్లతో పప్పు పొయ్యి మీద పెడితే అమ్మ తట్ట సర్దుకునేలోపు ఉడికిపోయేది, పక్క పేటలవాళ్లు పెళ్లి వంటలకి బిందెలు మోసుకుపోయేవారు. వేసవి సాయంత్రాలు ఆ నూతి గట్టు మీద ఆడవాళ్ల తలంట్లూ, పోట్లాటలూ, నవ్వులూ, అవన్నీ చెప్పుకుంటూ పోతే ఇవాళ్టి సంగతి రేపటికి గానీ రాదు.

మా ఇంట్లో చదువబ్బింది నాకొక్కదానికే. నర్సు ట్రైనింగు అయ్యి, తెల్ల చీర కట్టి, టీకాల పెట్టె భుజాన వేసుకుని మొదటిసారి మా ఊళ్లోకే ఉద్యోగం మీద నడిచి వస్తుంటే, మా అక్క తట్ట దింపేసి ఎదురొచ్చి నా చీరకి చేపల వాసన అంటుతుందని అల్లంత దూరంలోనే నిలబడిపోయింది. నేనే వెళ్లి కావిలించుకున్నాను. అక్కకి ఒక్కతే కూతురు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే నా చేతుల మీద పుట్టింది. బొడ్డు కోసింది నేనే, మొదటి టీకా వేసింది నేనే, పిన్నీ అంటూ నా పెట్టె పట్టుకుని వీధి చివరిదాకా వచ్చేది.

ఆ పిల్ల బడికి వెళ్లే వయసొచ్చేసరికి నూతిలో నీళ్లు మారాయి. మొదట వానలప్పుడు మాత్రం మీద రంగురంగుల తెట్టె కట్టేది, తరవాత ఎండల్లోనూ కట్టడం మొదలైంది. అన్నం వారిస్తే గంజి కిరసనాయిలు కంపు కొట్టేది. గోడ అవతల భూమిలో పాతిన ఆయిలు ట్యాంకులు పాతబడి కారుతున్నాయని, అక్కడికి కూలికెళ్లిన మా బావ చెప్పాడు. బేసులోవాళ్లకి మాత్రం ఎక్కడినుంచో పైపుల్లో మంచినీళ్లు వచ్చేవి. మాకు ఆ నుయ్యే గతి. గుడ్డ వడపోసుకుని తాగేవారు. గోడ పక్క ఇళ్లలో పిల్లలకి చేతులూ కాళ్లూ పుళ్లు లేచాయి, వాంతులు పట్టుకున్నాయి. నేను పైకి చెప్పగా చెప్పగా, చివరికి ఆ నీళ్లవల్ల జనం ఆరోగ్యానికి ముప్పుందో లేదో తేల్చమని మా పెద్ద డాక్టరుగారికి పురమాయింపు వచ్చింది.

ఇక్కడే మావాళ్లు, మావాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటొకటి చేశారు. పెద్దమనిషి మన నుయ్యి చూడ్డానికి వస్తున్నాడట అనేసరికి, అమ్మవారి పండగ ముందు చేసినట్టే ఊరంతా కలిసి నుయ్యి తోడిపోశారు, అడుగు బురద తీశారు, గోడలు కొబ్బరి పీచుతో రుద్దారు, సున్నం చల్లి, గట్టు కడిగి ముగ్గు పెట్టారు. నేనా రోజు వేరే ఊళ్లో టీకాలు వేస్తున్నాను. మర్నాడు ఆయనతోపాటు జీపులో దిగి చూద్దును కదా, నూతిలో కొత్త ఊట అద్దంలా మెరుస్తోంది, మా అక్క పొంగిపోతూ నిలబడి ఉంది. నేను ఆయన్ని పక్కకి పిలిచి, నిన్ననే కడిగేశారండీ, ఈ నీళ్లు పరీక్షకి పనికిరావండీ, చెప్పకుండా ఇంకో రోజు రండీ అని బతిమాలాను. ఆయన విన్నారు. వినలేదని నేననను. విని నవ్వి, "మళ్లీ రావడానికి జీపుకి డీజిలు మీ నాన్న పోస్తాడా అమ్మా?" అన్నారు. సీసాలు నింపించారు, మావాళ్లిచ్చిన కొబ్బరి బొండాలు తాగారు, ఆ నీళ్లు గుక్కెడైనా నోట పోసుకోలేదు. వెళ్లేటప్పుడు మా ఊరి అలవాటు ప్రకారం అక్క తెల్లవారి వేటలో పడ్డ కోనం చేపని, అమ్మితే ఇంటికి వారం గడిచే చేపని, తాటాకు బుట్టలో పెట్టి జీపులో ఉంచింది.

ఆ తరవాత ఆయన రాసింది ఇది. నీళ్లలో దోషం లేదు. పుళ్లకీ వాంతులకీ కారణం ఆ ఊరివాళ్ల అపరిశుభ్రత, స్నానాల అలవాటు లేకపోవడం. ఆ ముత్యాల్లాంటి అక్షరాలే. రోజూ తట్ట దింపగానే ఒళ్లంతా నలుగుపెట్టి తోముకుంటే గానీ పొయ్యి దగ్గరికి వెళ్లని మా అక్కకి ఆ మాట నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. అక్క పిల్లని తీసుకుపోయి మళ్లీ అదే నూతి నీళ్లతో స్నానం చేయించింది.

కోనం రుచి మరిగిన ఆయన నెలనెలా జీపు డ్రైవర్ని పంపేవారు. పెద్దాయన అడిగితే కాదనకూడదని అక్క ప్రతిసారీ మేలైనదే ఏరి ఇచ్చేది. ఆ ఏడాదే పిల్ల పాలిపోవడం మొదలైంది, చిగుళ్లనుంచి నెత్తురు, తాకితే కమిలిపోయే ఒళ్లు. పెద్దాసుపత్రిలో నెలన్నర ఉంచాం. రక్తం తయారవడం లేదన్నారు. నా చేతుల మీద పుట్టిన పిల్ల నా ఒళ్లోనే పోయింది. ఆ నీళ్లవల్లే పోయిందని నేను ఏ కోర్టులోనూ రుజువు చెయ్యలేను, నా చదువుకి ఆ సంగతి తెలుసు. నా కడుపుకి మాత్రం వేరేగా తెలుసు.

కొన్నాళ్లకి మా ఫైలు మూసెయ్యడానికి హైదరాబాదు నుంచి ఇంకా పెద్ద అధికారి వచ్చారు. ఆయనకి మా డాక్టరుగారు తన ఇంట్లో భోజనం పెడుతున్నారు. అప్పట్లో సార్ల ఇళ్లలో విందంటే మాలాంటివాళ్లం వెళ్లి వడ్డించాల్సిందే, మీలో ఉద్యోగాలు చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున్నే డ్రైవరు చేపల కోసం మా ఊరొచ్చాడు, నేనూ అదే జీపులో వెళ్లాలి. అక్క ఆరోజు పడవల వైపు వెళ్లలేదు. వల తీసుకుని గెడ్డ వైపు వెళ్లింది, సరిగ్గా బేసు కాలవ వచ్చి కలిసే చోటికి. మేం ఎప్పుడో పట్టడం మానేసిన చేపలవి, కూర వండితే పిల్లి కూడా మూతి తిప్పుకునే చేపలు. బుట్ట నా చేతికిస్తూ, "ఆ నీల్లు మంచియే అని రాసినాడు గదే సెల్లీ. ఆ నీల్లలో సేపే తిననీ. నాను మాత్రం ఏటి తప్పు సేత్తన్నాను?" అంది. నేను బుట్ట అందుకున్నాను. దారిపొడుగునా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

పులుసు మరిగేటప్పుడే కంపు మొదలైంది. కిరసనాయిలు స్టవ్వు కారుతోందేమోనని అమ్మగారు దాన్ని మూడుసార్లు తుడిపించారు, చివరికి కట్టెల పొయ్యి మీదికి మార్పించారు. చింతపండు ఇంకాస్త పిసికారు, కొత్తిమీర కట్టంతా తుంచి పోశారు. నేను పక్కనే నిలబడి అడిగింది అందిస్తూ ఉన్నాను. ఆవిడ మంచిదే పాపం, ఆవిడ మీద నాకేం లేదు.

హైదరాబాదు అధికారిది గోదావరి ఒడ్డున ఊరట, చేప తెలిసిన మనిషి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మింగలేదు, ఉమ్మలేదు. ఒక నిమిషం తరవాత మెల్లిగా రుమాల్లోకి తీసి, ఈ చేప ఎక్కడిదండీ అన్నారు. మా డాక్టరుగారికి కొంప మునుగుతోందని తెలియలేదు, మురిసిపోతూ, మనం రిపోర్టు రాసిన ఊరిదేనండీ, నేనంటే వాళ్లకి ఎంతో అభిమానం, నెలనెలా పంపిస్తారు అన్నారు. హైదరాబాదాయన మా డాక్టరుగారి వైపే చూస్తుంటే, ఈయనకి అప్పటికి తెలిసొచ్చినట్టుంది, నాకేం తేడా రావడం లేదే అంటూ గబగబా రెండు ముక్కలు తిన్నారు. చెమటలు పట్టాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా తిన్నారు. నేను గరిటెతో ఇంకో ముక్క తీసి ఆయన కంచంలో వేశాను. "తినండి సార్. మా అక్క ఏరి పంపింది" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో అంత తృప్తిగా నేనెప్పుడూ వడ్డించలేదు. ఇన్నేళ్లయింది, ఒక్కనాడు కూడా దానికి బాధపడలేదు, ఇకముందు పడేదీ లేదు.

అప్పుడు హైదరాబాదాయన, ఎక్కడ పట్టిందని నన్నడిగారు. బేసు కాలవ కలిసే చోట పట్టిందండీ, మా మంచినీళ్ల నుయ్యి కూడా ఆ గోడ పక్కనేనండీ అని చెప్పాను. చెయ్యి కడుక్కుని జీపు తియ్యమన్నారు. అనుకోకుండా వచ్చిన ఆ జీపుని చూసి మా ఆడవాళ్లకి సిగ్గు ముంచుకొచ్చింది, ఒకామె చీపురు తెచ్చింది, ఇంకొకామె సున్నం డబ్బా తెచ్చింది, నుయ్యి కడగలేదు బాబూ అని అందరూ ఒకటే మొర. కడగొద్దని ఆయనే చేద వేసి తోడుకున్నారు. తెట్టె చేద అంచుకి అంటుకుని పైకొచ్చింది. వాసన చూసి, సీసాలు తెప్పించి ఆ నీళ్లే నింపించారు.

నుయ్యి మూసేశారు, కొన్నాళ్లకి కుళాయిలు వచ్చాయి. గోడవతల పాత ట్యాంకులు తవ్వి తీసేశారని విన్నాం, మాతో ఎవరూ చెప్పలేదు, గోడ మాత్రం ఇంకాస్త ఎత్తు లేపారు. స్నానాలు చెయ్యరన్న మాట తప్పని ఎవరూ రాయలేదు. మా డాక్టరుగారిని వేరే జిల్లాకి మార్చారు, వెళ్తూ వెళ్తూ ప్రమోషను కూడా పట్టుకెళ్లారు. ఫైల్లో కొత్తగా వేసిన ఏ కాగితంలోనూ మా పిల్ల పేరు లేదు.

ఇప్పుడు నేను గాజువాకలో ఉంటున్నాను. మూత పెట్టిన డబ్బాలో నీళ్లు కొనుక్కుని తాగుతున్నాను. పరవాడ ఫ్యాక్టరీల వైపునుంచి గాలి తిరిగినప్పుడు కిటికీలు మూసుకుంటున్నాను. అందరూ చేసేదే నేనూ చేస్తున్నాను. మా ఊళ్లో నూతి చోట ఆటోలు నిలుపుతున్నారు. వేట తగ్గింది, తట్టలు పోయి స్కూటీలు వచ్చాయి. అన్నిటికన్నా నా మనసుకి లోటనిపించేది ఒకటుంది. పూర్వం మా ఊరొచ్చిన మనిషిని, వాడు మేలుకొచ్చినా కీడుకొచ్చినా, వట్టి చేతుల్తో పంపడమన్నది మావాళ్లకి తెలియదు. ఆ పులుసు తరవాత మా వాడలో ఏ అధికారికీ ఎవరూ చేప కట్టివ్వలేదు. ఎవరూ కూర్చుని తీర్మానం చెయ్యలేదు, మానేశారంతే. ఆ డాక్టరు మా దగ్గర్నుంచి పట్టుకుపోయినవాటిలో ఇదొకటి, దీన్ని కూడా నేను ఆయన ఖాతాలోనే వేశాను.

పోయిన నెల అక్కని చూడ్డానికి వెళ్లాను. అదే పూట బేసు చుట్టుపక్కల మట్టీ నీళ్లూ మళ్లీ పరీక్ష చెయ్యడానికి ఆఫీసు పంపగా ఒక చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, వచ్చింది. ముందు చెప్పి రాలేదు. చేతులకి తొడుగులు వేసుకుంది, అడగాల్సినవన్నీ ఓపిగ్గా అడిగింది, ఎవరైనా పోయారా అమ్మా అని కూడా అడిగి, అక్క చెబుతుంటే రాయడం ఆపి వింది. ఎండకి మొహం కందిపోయింది. వయసు చూస్తే మా పిల్లకి కూతురిలా ఉంటుంది, మా పిల్ల ఉండుంటే. బావ తెచ్చిన కోనం చేప ఇంకా మెరుస్తూ అరుగు మీద ఉంది. మంచి పిల్లలా ఉంది, కట్టివ్వవే అన్నాను. అక్క చేప మీద చెయ్యి వేసింది, తాటాకు బుట్ట కోసం లోపలికి చూసింది కూడా. అంతలో ఆ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది.

"ముందర ఏటి రాత్తాదో సూద్దాం" అంది.