మూడో పిన్ను

ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కలిపింది లేదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాణ్ని నేను. దయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వి ఊరుకుంటాను. ఆ రాత్రి కూడా నాకు ముందు వచ్చింది భయం కాదు... కోపం.

మాది రెంజల్ దగ్గర పల్లె. నాకో పాత పికప్ బండి ఉంది. మా అవ్వకు కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు నిజామాబాద్ తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. బస్సు మెట్లు ఎక్కలేదు. పికప్‌లో నా పక్కన దిండు ఆనించి కూర్చోబెట్టుకుని వెళ్తాను. మర్నాడు పొద్దున్నే ఆమె వంతు. కాళ్లు అప్పటికే ఉబ్బాయి. ఒక్క పూట కూడా ఆగే వీల్లేదు.

బండేమో స్టార్ట్ చేస్తే చాలు, గలగల... గలగలగల... డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు. బోధన్‌లో మెకానిక్ యూసుఫ్ భాయ్ వినగానే చెప్పాడు.

"లోపట టైమింగ్ చైన్ లూజైంది తమ్మీ. దాన్ని బిగువుగ పట్టే టెన్షనర్లు రెండూ పోయినయ్. గిట్లనే నడిపితే తొవ్వల ఇంజన్ ఖరాబైతది."

పొద్దున మొదలుపెట్టాం. ఒక బోల్టు తల అరిగిపోయి తిరగనంటుంది. దానికే మధ్యాహ్నం దాటింది. నిజామాబాద్ నుంచి తెప్పించిన టెన్షనర్లు వేరే బండివి. మళ్లీ నేనే పోయి మార్చుకొచ్చాను. ఇంతలో చీకటి పడింది. కరెంటు పోయింది, ఛార్జింగ్ లైటు పెట్టుకున్నాం. నాకు ఒళ్లు మండిపోతోంది.

కొత్త టెన్షనర్ ఒక్కోదానికి ఒక సన్నటి ఇనుప పిన్ను ఉంటుంది. లోపలి స్ప్రింగును అది నొక్కిపెట్టి ఉంచుతుంది. బిగించాక లాగేయాలి, అప్పుడే టెన్షనర్ చైన్‌ను పడుతుంది. మరిచిపోయి స్టార్ట్ చేస్తే ఇంజన్ నాశనం. అందుకే యూసుఫ్ భాయ్ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. లాగిన పిన్నులు బండి ఓనరు పిడికిట్లో పెడతాడు. ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా పిడికిలి విప్పకూడదు.

"ఇగో ఒకటి... ఇగో రెండు. గట్టిగ పట్టుకో."

పట్టుకున్నాను. ఇంజన్ మూత పెట్టి చివరి బోల్టు బిగించాడు. బ్యాటరీ వైరు ఇంకా తగిలించలేదు... ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

అప్పుడు వినిపించింది.

గల... గలగల...

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తాళంచెవి నా జేబులోనే ఉంది. బయట రోడ్డు మీద బండ్లేమీ లేవు. యూసుఫ్ భాయ్ పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్ మూతకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నడుస్తున్న ఇంజన్లో చప్పుడు ఎక్కడిదో అలాగే పట్టుకుంటారు. ఇది నడవని ఇంజన్.

చాలాసేపు విన్నాడు. తర్వాత పిడి నాకు అందించాడు.

"నువ్వు ఇను."

విన్నాను. లోపల చైన్ తిరుగుతోంది. నెమ్మదిగా... ఒక్కో లింకూ మూతకు తగులుతూ... గల... గల... ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఫ్యాన్ కదలడం లేదు.

నాకు కోపంతో ఏడుపొచ్చింది. "దినమంత చేసింది గిందుకేనా భాయ్? పొద్దుగాల అవ్వను ఎట్ల తీస్కపోవాలె?"

"మల్ల ఇప్పాలె."

"మల్లనా?"

"ఇప్పకుంట చాబీ తిప్పనియ్య."

ఒక్కో బోల్టూ విప్పాడు. మూత ఊడిరాగానే చప్పుడు ఆగిపోయింది. ఫోన్ లైటు వేశాను. కింది టెన్షనర్‌లో... పిన్ను అలాగే ఉంది.

పిడికిలి విప్పాను. చెమటకు తడిసి రెండు పిన్నులు.

"రెండూ గుంజిన తమ్మీ. నీ చేతిలనే పెట్టిన."

"పెట్టినవ్ భాయ్. నేను సూసిన."

అతను ఆ మూడోదాన్ని వెంటనే ముట్టుకోలేదు. పెదాలు కదిలాయి, ఏదో దువా చదువుకున్నాడు. తర్వాత లాగాడు. టక్... టెన్షనర్ చైన్‌ను పట్టింది. మళ్లీ మూసి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. ఇంజన్ స్టార్టయింది, గలగల చప్పుడే లేదు.

పొద్దున అవ్వను ఎక్కించుకున్నాను. ఊరు దాటాక అడిగింది.

"సప్పుడు వోయిందేందిరా బండికి?"

"బాగు చేయించిన గదనే."

"మరి రాత్రి కరెంటు వోయినప్పుడు మనింటి ముంగట ఇనవడ్డది. నువ్వొచ్చినవని తలుపు తీసిన. సప్పుడున్నది, బండి లేదు."

రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. ఆమె వంతు అందింది. సాయంత్రానికి కాళ్ల వాపు కూడా తగ్గింది.

యూసుఫ్ భాయ్‌ని తర్వాత చాలాసార్లు అడిగాను. "కంపెనోళ్లు ఎక్కువ పెట్టిండ్రేమో" అంటాడు, చాయ్ చెప్తాడు, మాట మారుస్తాడు. మూడు పిన్నులూ ఇప్పటికీ బండి డ్యాష్‌బోర్డులోనే ఉన్నాయి. కావాలంటే చూపిస్తాను.

ఆ చప్పుడు బండి కోసం వచ్చిందా, అవ్వ కోసం వచ్చిందా... తెలియదు. రోజూ తాళం తిప్పే ముందు కాసేపు చెవి పెట్టి వింటాను. మళ్లీ ఎప్పుడైనా ఆ గలగల వినిపిస్తే, బానెట్ తెరవాలా... ఇంటికి పరుగెత్తాలా?