బేరంలో పోయిన రెండు శుక్రవారాలు

నా చిన్నప్పుడు, కువైట్‌లో మా నాన్నకి బట్టల కొట్టు ఉన్న రోజుల్లో, నా అంత బేరగత్తె మేముండే ఫర్వానియా పేట మొత్తంలో లేదని నా నమ్మకం. అప్పటికి నాకు పదేళ్ళు. ధర చెప్పేటప్పుడు కొనేవాళ్ళ మొహం కాదు, చెప్పులు చూడాలని కొట్లోనే నేర్చుకున్నాను. అరబ్బీ కూడా అక్కడే వచ్చింది. ఆ రెండు విద్యలతో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది.

మా మేనత్త గోదావరి వైపు నుంచి వచ్చి, ఒక పెద్దింట్లో మంచాన పడ్డ ముసలావిడకి సేవ చేసేది. చల్లటి గది, మెత్తటి పరుపు, ఇంటివాళ్ళు తిన్నదే తనకీ. మా సందులో ఆడవాళ్ళకి ఆమె అదృష్టమే కబురు. ఒకసారి ముసలావిడతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అత్త అక్కడ మన వైపు మనిషి ఒకామెని చూసింది. ఇళ్ళలో పనిచేస్తూ పడి, నడుం విరిగి, పలకరించే దిక్కు లేక ఉంది. అత్త ఆమె తల దువ్వి, ప్రార్థన చేసి, శుక్రవారం మళ్ళీ వస్తానని మాటిచ్చింది. తీరా చూస్తే శుక్రవారమే ఆ ఇంటికి చుట్టాలొస్తారు. ఆ రోజు సెలవుండదు.

అత్తకి వంటింటి అరబ్బీ తప్ప రాదు. గురువారం నన్ను పిలిపించింది. "శుక్రవారం ఒక్క పూట వదలమని మామాని అడగవే. కుదరదంటే ఇల్లు మారిపోతానని చెప్పు," అంది. ఇంటావిడని పనివాళ్ళందరూ మామా అనే పిలుస్తారు.

నేను శుక్రవారం ఊసే ఎత్తలేదు. ఇల్లు మారుతుందట అని మాత్రం చెప్పాను. కొట్లోంచి లేచి వెళ్ళిపోయేవాళ్ళు నిజంగా వెళ్ళడానికి లేవరని నాకు తెలుసు కదా! మామా కంగారుపడి జీతం పెంచుతానంది. నేను అత్త వైపు తిరిగి, "ఆలోచిస్తుందట," అన్నాను. మరుసటి గురువారం ఇంకాస్త బిగించాను. బంగారు గాజు దాకా వచ్చింది. మధ్యలో నాకో చాక్లెట్ల పెట్టె కూడా ముట్టింది.

మూడో గురువారం మామా ఆ గాజు అత్త చేతికి తొడిగి, "ఖలాస్, ఇంక వెళ్తాననకు," అంది.

అత్త నన్ను చూసింది. "ఏం చెప్పావే నువ్వు?"

"శుక్రవారం ఏం చేసుకుంటావత్తా, బంగారమే వస్తుంటే!" అన్నాను గొప్పగా.

అత్త తిట్టలేదు. గాజు తీసి బల్ల మీద పెట్టి, వచ్చిన నాలుగు ముక్కలతో, చేతులతో మామాకి చెప్పుకుంది. మామా కళ్ళు తుడుచుకుంది. మంచిదే గానీ, వారంవారం మనిషి లేకపోతే మంచాన ఉన్న మా అమ్మ సంగతేంటి అంది. రేపటికి మాత్రం వెళ్ళమంది. నెల తిరిగేసరికి అత్త ఆ ఇల్లు వదిలి, శుక్రవారం సెలవుండే ఒక బడిలో ఊడ్చే పనికి చేరింది.

మామా వెళ్ళమన్న ఆ శుక్రవారం అత్త నన్నూ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. మంచం ఖాళీ. దుప్పటి కొత్తగా పరిచి ఉంది. సోమవారమే పోయిందని నర్సమ్మ చెప్పింది. రెండు శుక్రవారాలూ ఎవర్నీ తల ముట్టుకోనివ్వలేదట, అక్క వచ్చి దువ్వుతుందని.

అత్త ఖాళీ మంచం మీది దుప్పటిని ఒకసారి నిమిరింది. తర్వాత పక్క మంచంలో ఉన్న ముసలామె దగ్గర కూర్చుని, సంచిలోంచి దువ్వెన తీసి నా చేతిలో పెట్టింది. "మెల్లగా చిక్కు తియ్యి," అంది. అంతే.

ఆ తర్వాత అత్త ఉండే గదికి ఒకసారి వెళ్ళాను. నలుగురికి ఒకటే గది, ఇనప మంచాలు, తిరగని ఫ్యాను. ఆ పరుపు ఎందుకు వదిలావని అడిగాను. "కళ్ళు మూస్తే ఆ మనిషి గుమ్మం వైపు చూస్తున్నట్టే ఉండేదే. అక్కడ నాకు నెమ్మది లేదు," అంది. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను; ప్రార్థన పూర్తికాకుండానే అత్త హాయిగా నిద్రపోయింది.

అత్త లేదిప్పుడు. కొట్టు నాది. షర్క్ చేపల బజారులో నా నోటికి ఇప్పటికీ భయపడతారు. శుక్రవారం మాత్రం కొట్టు మూసి, దువ్వెన, కొబ్బరినూనె తీసుకుని ఆసుపత్రికి వెళ్తాను. వచ్చే వారం వస్తావా అక్కా అని ఎవరైనా అడిగితే, వస్తానంటాను. ఆ ఒక్క మాట మీద బేరం లేదు. అయినా వెళ్ళిన ప్రతిసారీ వార్డు గుమ్మంలో కాళ్ళు ఆగిపోతాయి. మంచంలో మనిషి ఉందని చూసుకున్నాకే లోపలికి అడుగు పడుతుంది.