గోడ మీది మంద

మల్లప్పను కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. మోత్కూరుకు దగ్గరలోని మా ఊళ్లో అతనిది నా ఎదురిల్లు. ఉద్యోగ విరమణ తర్వాత నేను ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి చూస్తున్నాను. తెల్లవారేసరికి భుజాన గొంగడి, చేతిలో కర్ర, ముందు గొర్రెలు, వెనుక దుమ్ము. అన్నం సైతం నిలబడే తినేవాడు. పెళ్లి పందిట్లో గుంజకు ఆనుకొని ఒంటికాలి మీద నిలుచునేవాడే తప్ప కుర్చీ ముట్టేవాడు కాదు. ‘మంద’ అన్న మాటను నేను బడిలో సమూహవాచకానికి ఉదాహరణగా చెప్పేవాణ్ణి. లోపల ఎన్ని ఉన్నా అది ఏకవచనమేనని పిల్లలచేత వల్లె వేయించేవాణ్ణి. మల్లప్ప దృష్టిలో మాత్రం మంద ఎన్నడూ ఏకవచనం కాదు. బొల్లిది, చెవులది, మొండితోకది, గయ్యాళిది అంటూ దేని పేరు దానికే ఉండేది. ఈ భేదాన్ని గురించి ఒకసారి అతనితో ముచ్చటించబోతే, నేను వాక్యం ముగించేలోగా అతడు వాగు దాటిపోయాడు.

అటువంటి మనిషి ఈ ఎండాకాలం మంచాన పడ్డాడు. మేత కరువై, తుమ్మకొమ్మలు నరకడానికి చెట్టెక్కి జారాడు. తొడ ఎముక విరిగింది. నల్లగొండ దవాఖానలో లోపల కడ్డీ వేసి ఇంటికి పంపుతూ డాక్టరు ఒకే మాట చెప్పాడు: మళ్లీ ఎక్స్‌రే చూసి తాను సరేననేదాకా ఆ కాలు నేలకు ఆనరాదు. ఆనితే కడ్డీ వంగుతుంది. రెండోసారి కోయవలసి వస్తే, ఆ కాలుతో ఇక గొర్రెల వెనుక నడవడం కల్ల.

మందను భార్య బీరమ్మ తోలుకొనిపోసాగింది. కోతలైన చేలలో పగలంతా మేపి, పొద్దుగూకే వేళ ఎవరో ఒక రైతు చేనులో వల కట్టి, అందులో గొర్రెలను నిలుపుతారు. రాత్రంతా అక్కడ పడే పెంట చేనుకు ఎరువవుతుంది. దీన్నే మావైపు మంద పెట్టడం అంటారు. రాత్రి కాపలాకు బీరమ్మ తమ్ముడు సాయిలు వస్తాడు. ఏర్పాటంతా సక్రమంగానే ఉంది. అయినా మల్లప్పకు మాత్రం తాను లేక ఆ మంద చెల్లాచెదరైపోతున్నట్టే తోచేది. రెండుసార్లు మంచం దిగి, కర్ర ఊతంగా ఒంటికాలి మీద గెంతుతూ గడప దాకా వెళ్లి, తల్లి బక్కమ్మ చేతికి చిక్కాడు.

“ఏడికిరా కొడుకా?”

“ఏడికి లేదే అవ్వా. గాలి ఎట్లున్నదో చూస్తున్న.”

“గాలి చూసేటందుకు కర్రెందుకురా?”

ఈ సంగతి తెలిసి మల్లప్ప కూతురు సుస్మిత సెలవు పెట్టి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్ల. నల్లగొండలో రక్తపరీక్షలు చేసే చోట పని. ఆమె వెంట భర్త నరేశ్ వచ్చాడు. నరేశ్ చంకలో ఒక అట్టపెట్టె, అందులో అతడు క్రికెట్ చూడటానికి కొనుక్కున్న ప్రొజెక్టరు. గోడంత సినిమా చూపిస్తే మామ మంచం దిగడన్నది అతని ధీమా.

ప్రొజెక్టరును మా పాఠ్యపుస్తకాలలో ‘ప్రక్షేపకం’ అనేవారు. చక్కని మాట, ఉపసర్గ ఉంది, ధాతువు ఉంది, ప్రత్యయం ఉంది, పలికే మనిషి ఒక్కడూ లేడు. నేను పనిచేసిన ఒకానొక బడికి అటువంటి యంత్రం వచ్చింది కూడా. పాడవుతుందన్న భయంతో ప్రధానోపాధ్యాయులు దాన్ని పటాల చుట్టల కింద భద్రపరిచారు. చాలాకాలానికి పెట్టె విప్పి చూస్తే అందులో ఎలుక కాపురం పెట్టి ఉంది. కనుక ఒక ప్రక్షేపకం నిజంగా వెలగడం చూద్దామన్న కుతూహలంతో ఆ సాయంత్రం నేను కూడా మల్లప్ప ఇంటికి వెళ్లాను.

నరేశ్ పెట్టెలోని సూచనల కాగితాన్ని మడత విప్పకుండానే పక్కన పెట్టాడు. సుస్మిత పసితనంలో ఊయల కోసం దూలానికి వేసిన కొక్కెం అతని కంటబడింది. యంత్రాన్ని బోర్లించి దానికి వేలాడదీసి మీట నొక్కాడు. ఎదురుగోడ మీద బొమ్మ పడింది, తలకిందులుగా పడింది.

“గీ ఊర్ల మనుషులంత గబ్బిలాలా మన్మడా?” అని అడిగింది బక్కమ్మ.

“ఆగు అవ్వా, సెట్టింగుల మారుస్త,” అని అతడు రిమోట్ నొక్కాడు. మనుషులు నిటారుగా నిలబడ్డారు. కానీ యంత్రానికీ గోడకూ నడుమ పంకా తిరుగుతోంది. దాని రెక్కలు వెలుగును ముక్కలు చేస్తున్నాయి. ఎవరు మాట్లాడినా మొహం మీద నీడ టపటపా కొట్టుకుంటోంది.

“పంకా ఆపుదామా మామా?”

“పంకా ఆగితె నేను ఆగ,” అన్నాడు మల్లప్ప.

దాంతో యంత్రాన్ని దింపి, మంచం పక్కన స్టూలు వేసి దాని మీద పెట్టారు. పైన ఉన్నప్పుడు మార్చిన సెట్టింగు అలాగే ఉంది కనుక మనుషులు మళ్లీ తలకిందులయ్యారు. వాళ్లతోపాటు సెట్టింగుల పట్టిక కూడా తలకిందులైంది. నరేశ్ మెడ వంచి, దాదాపు మోకాళ్ల మీద వాలి, ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ చదువుతుంటే సుస్మిత పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తీగ ప్లగ్గు దాకా అందకపోతే నేను మా ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చాను. నీలం సున్నం వేసిన గోడ మీద మొహాలన్నీ జబ్బుపడ్డట్టు కనిపిస్తుంటే, ఇస్త్రీ చేసిన నా తెల్ల పంచె తెచ్చి మేకులకు కట్టాం. బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా పడుతుంటే యంత్రం కాళ్ల కింద గోనెసంచి మడిచి పెట్టాం.

ఇంత జరుగుతున్నా మల్లప్ప చూపు గోడ మీద లేదు, వాకిట్లో ఉంది. మంచంపట్టె పట్టుకొని లేచి కూర్చుంటాడు, పడుకుంటాడు, మళ్లీ లేస్తాడు. “మీ అమ్మ ఇయ్యాల ఎటు మలిపిందే? ఎర్రమట్టి చెల్కలకేనా? ఆడ నీళ్లు లెవ్వు,” అంటాడు. ఎవరైనా జవాబు చెప్పేలోగా ఇంకో ప్రశ్న వేస్తాడు.

మిగిలింది వెలుతురు. తలుపు మూస్తే గానీ బొమ్మ తేటపడేలా లేదు. బక్కమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

“దీపం పెట్టే యాళ్ల తలుపు మూస్తరా? లచ్చిమి వాపసు పోతది.”

ఆమెను కదిలించడం మా వల్ల కాలేదు. చివరికి సుస్మితే దారి చూసింది. తలుపు తెరిచే ఉంచి, ద్వారబంధానికి తండ్రి గొంగడి వేలాడదీసింది. కిటికీకి ఇంకొకటి. నల్లగొర్రె ఉన్నితో నేసిన ఆ గొంగళ్లను దాటి లోపలికి చుక్క వెలుగు రాలేదు.

బక్కమ్మ గొంగడి అంచు ఎత్తి చూసి ఒప్పుకుంది. “గొంగడి ఎత్తుకొని వస్తది తియ్యి. గొర్లోళ్ల ఇల్లని ఆమెకు ఎర్కే.”

సినిమా మొదలైంది. నాకు బాగానే ఉంది. మల్లప్ప మాత్రం కొద్దిసేపే ఓపిక పట్టాడు.

“గీయన గప్పటి సంది నిలబడ్డ జాగలనే మాట్లాడుతుండు. పనిలేదా?”

“హీరో మామా ఆయన.”

“ఉండనీ. కాళ్లు మంచిగనే ఉన్నయి గద, నడువొచ్చు గద,” అంటూ అతడు కట్టుకట్టిన కాలిని మంచం అంచుకు జరిపాడు. సుస్మిత గబుక్కున వచ్చి ఆ కాలి పక్కన కూర్చుంది. నరేశ్ ధీమా అక్కడికక్కడే కరిగిపోయింది.

అప్పుడు ఆమెకే తోచింది. నరేశ్ ఫోన్ నుంచి చేనులో ఉన్న బీరమ్మకు వీడియో కాల్ చేయించి, ఆ ఫోన్ తెరను ప్రొజెక్టరుకు కలపమంది. ఒకటి రెండుసార్లు తెగిపోయి, చక్రం తిరిగి తిరిగి, ఉన్నట్టుండి నా పంచె మీద చేను పరుచుకుంది. ఎండుగడ్డి, చివరి వెలుగు, దాని నడుమ తలలు వంచి మేస్తున్న గొర్రెలు. దగ్గరగా వచ్చిన గొర్రె నిజమైనదానికన్నా పెద్దగా కనిపించింది.

మల్లప్ప కదల్లేదు. నేను ఎరిగిన ఇన్నేళ్లలో అతడు కదలకుండా ఉండటం అదే మొదటిసారి.

“బొల్లిది బక్కపడ్డది,” అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, తనకు తెలియకుండానే మందను దగ్గరికి పిలిచే కూత కూశాడు. అతని కూతను రాయడం నాకు చేతకాదు. నాలుకను అంగిలికి ఆడించి గొంతు అడుగునుంచి తీసే ఆ ధ్వనికి మన వర్ణమాలలో చోటు లేదు. గోడ మీద తలలన్నీ ఒక్కసారి లేచాయి. చూస్తుండగానే మంద మా మీదికి ఉరికి వచ్చింది. పంచె నిండా ముక్కులు, చెవులు. బీరమ్మ గొంతు వినిపించింది: “ఓయమ్మ, నన్ను తొక్కి సంపుతయా ఏంది, నా చేతిల ఫోను నాకుతున్నయి.”

అందరం నవ్వాం. బక్కమ్మ కూడా నవ్వింది. మల్లప్ప మరి రెండుసార్లు కూశాడు.

ఆ నవ్వే మా తెలివితక్కువతనం. మర్నాడు, ఆ మర్నాడు అదే ఆట సాగింది. పగలంతా సాయంత్రం కోసం వేచి ఉండటంతో మల్లప్ప మంచం దిగే ప్రయత్నం మానేశాడు గనుక, మేమంతా విజయం సాధించామనుకున్నాం. గొర్రెలు బీరమ్మ మాట వినడం తగ్గించాయనీ, పొద్దు వాలగానే మేత మాని ఫోన్ చుట్టూ మూగుతున్నాయనీ ఆమె విసుక్కుంటే, అదీ వేడుకగానే చెప్పుకున్నాం.

ఆ తర్వాతి సాయంత్రం బీరమ్మ రోడ్డు పక్క చేనులో మంద పెడుతోంది. వల కట్టడానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఫోన్‌ను రోడ్డు మీది కల్వర్టు గోడకు ఆనించి వెళ్లింది. సాయిలు ఇంకా రాలేదు. గోడ మీద మాకు చేనంతా కనిపిస్తోంది. గొర్రెలు ఒక్కొక్కటే వలలోకి నడుస్తున్నాయి. గయ్యాళిది వెనుకబడింది. దాన్ని చూసి మల్లప్ప నోరు ఊరుకోలేదు, కూశాడు.

గయ్యాళిది ఒక్కటే కాదు, వలలోకి వెళ్లినవి కూడా వెనుదిరిగాయి. కూత వచ్చింది కల్వర్టు మీది ఫోన్‌లోంచి. మంద మొత్తం రోడ్డుకేసి పరుగెత్తింది. అది వడ్ల లారీలు తిరిగే కాలం. ఎక్కడో హారన్ మోగింది.

“నోరు మూయి, నీకు దండం పెడ్త,” అని చేనులోంచి బీరమ్మ కేక.

మల్లప్ప లేచాడు. సుస్మిత పట్టుకునేలోగా గాయపడిన కాలు మంచం దిగి, నేలకు జానెడు ఎత్తున ఆగింది. అతని చూపు గోడ మీదే ఉంది. ఆపాలన్న ఆత్రంతో నోరు తెరిచాడు. తెరిచి, అలాగే ఉండిపోయాడు. తాను ఏ మాట అన్నా అవి ఇటే వస్తాయి. పొమ్మన్నా వస్తాయి.

“కట్ చెయ్యాల్నా మామా?” అన్నాడు నరేశ్ ఫోన్ పట్టుకొని.

మల్లప్ప వద్దన్నట్టు చేయి ఊపాడు. ఒంటి మీది దుప్పటి కొంగు నోట్లో కుక్కుకున్నాడు. గొర్రెలు కల్వర్టు చుట్టూ మూగి ఎవరికోసమో అటూ ఇటూ చూస్తున్నాయి. లారీ దీపాలు వాటి ఒంటి మీద పడ్డాయి. బీరమ్మ పరుగెత్తుకొచ్చి వాటికీ లారీకీ నడుమ నిలబడి కూసింది. సన్నటి, కీచుగొంతు కూత. ఒక్కటీ కదల్లేదు. మళ్లీ కూసింది. బొల్లిది చెవి తిప్పింది. చాలాసేపు ఆ ఒక్క చెవే. తర్వాత అది బీరమ్మ వైపు రెండడుగులు వేసింది. చెవులది దాని వెంట. ఆపైన మంద మొత్తం, ఇష్టం లేనట్టు, రోడ్డు దిగింది. లారీ ఆగి, అవన్నీ దిగేదాకా ఉండి కదిలిపోయింది.

మల్లప్ప తన కాలిని తానే రెండు చేతులతో ఎత్తి మంచం మీద పెట్టుకున్నాడు. అతని మొహం చెమటతో తడిసి ఉంది.

వల ముడివేసి వచ్చిన బీరమ్మ మొహం గోడంతా నిండింది. “ఇంకోపాలి కూసినవనుకో, మందనంత ఇంటికి తోలుకొచ్చి నీ మంచం చుట్టు కట్టేస్త. నువ్వే కాసుకో.”

దుప్పటి కొంగు నోట్లోంచి తీసి అతడు అన్నాడు: “నీ కూత గొంతుల్నుంచి వస్తలేదే. ముక్కుల్నుంచి వస్తాంది.”

“ముక్కుల్నుంచి వస్తెనే ఇన్నయి.”

ఆమె ఫోన్ తీసుకొని వల వైపు వెళ్లింది. గోడ మీద కాసేపు ఆకాశం, కాసేపు ఆమె చీరకుచ్చెళ్లు కనిపించాయి. తన సాయం లేకుండానే మంద కదిలిందన్న సంగతి అతనికి ఊరటో, దెబ్బో నేను చెప్పలేను. ఆ రాత్రి అతడు అన్నం సగంలో వదిలేశాడని మాత్రం బక్కమ్మ చెప్పింది.

మర్నాడు సాయంత్రం నరేశ్ ఫోన్ కలుపుతుంటే అతడు అడిగాడు: “అల్లుడా, నేను చూడాలె, ఇనాలె. నా గొంతు మాత్రం అటు పోవద్దు. గట్ల అయితదా?”

“అయితది మామా. మైకు బంద్ పెడ్త.”

“జర మంచిగ చూసి పెట్టు.”

అప్పటి నుంచీ అలాగే నడుస్తోంది. మొన్న ఎక్స్‌రేలో ఎముక అతుకుతోందని తేలింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఆగగలిగితే నడిపిస్తానన్నాడు డాక్టరు. ఆగడం ఎంత కష్టమో పొద్దు వాలాక ఆ ఇంటికి వెళ్తే తెలుస్తుంది. గోడ మీద మంద కనిపించగానే మల్లప్ప మంచంపట్టె పట్టుకొని గొంతు పగిలేలా కూస్తాడు. తిడతాడు, పేరుపేరునా పిలుస్తాడు. మంద తలవంచుకొని బీరమ్మ వెనుక నడుస్తుంది.

నిన్న బక్కమ్మ ఉండబట్టలేక అడిగింది. “ఎవలకు కూస్తున్నవ్‌రా కొడుకా? ఆడ ఇనేటోళ్లు ఎవలు లేరు గద.”

“అందుకేనే అవ్వా కూస్తున్నది,” అని మల్లప్ప మళ్లీ కూశాడు.

గోడ మీద ఒక్క చెవీ కదల్లేదు.