పంపు నీళ్ళు, నా పిడుగు దారి

నిన్న సాయంత్రం మా ఇంట్లో సైన్స్ గెలిచింది. సాక్షులు మాత్రం లేరు. నవ్వకండి, టీ తాగుతూ వినండి, మొదట్నుంచీ చెప్తాను.

మా స్కూల్లో ఎగ్జిబిషన్ వస్తోంది కదా. ఫిజిక్స్ చెప్పేది నేను. స్టాల్‌లో మాత్రం ఏటేటా అదే అగ్నిపర్వతం! వంటసోడా, వెనిగర్, ఎర్ర రంగు, బుస్సుమని నురగ. ఈసారి చచ్చినా ఒప్పుకోనని ప్రిన్సిపాల్ సార్ దగ్గరికెళ్ళాను.

"సార్, లేజర్‌తో పిడుగుకి దారి చూపిస్తున్నారట. మనం అది పెడదాం."

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పిడుగులు మన బడ్జెట్‌లో లేవు మేడమ్."

"చిన్న స్పార్క్ చాలు సార్. చేసి చూపిస్తా!"

మా పేట గరాచర్మలోనే, మా వెనక లైన్లో ఆయన ఇల్లు. "సరే, శనివారం సాయంత్రం మీ ఇంటికొస్తాను. కళ్ళారా చూస్తే స్టాల్ మీది. లేదంటే ఆ రాత్రికే అగ్నిపర్వతం అని పేరు పంపించేస్తాను" అన్నారు.

ఇంతకీ సంగతేంటంటే, ల్యాబుల్లో లేజర్‌ని చిన్న చిన్న పల్సులుగా వదుల్తారు. ఎంత చిన్నవంటే, వాటి ముందు రెప్పపాటు కూడా ఒక యుగం. ఆ పల్సు పోయిన దారిలో గాలి వేడెక్కి పలచబడుతుంది. కరెంటుకి ఆ పలచటి దారి సుఖం, అటే దూకుతుంది. అలాంటి లేజర్ నాకెక్కడిది? నా దగ్గరున్నది బోర్డు మీద చుక్క పెట్టే పాయింటర్. దానితో పని జరగదని తెలిసీ ఒక పూటంతా ప్రయత్నించాను. ఆశ కదా!

తర్వాత బుర్ర వెలిగింది. గాలి పలచబడటమే కావాలంటే కొవ్వొత్తి చాలు! దోమల బ్యాట్ విప్పి, రెండు వైర్లు లాగి, చెక్క మీద ఎదురెదురుగా రెండు గుండుసూదులకి చుట్టాను. మధ్యలో స్పార్క్ దూకలేనంత ఎడం. ఆ ఎడంలోకి మంటని జరిపితే, వేడి గాలి దారిలో స్పార్క్ దూకాలి. లేజర్ చేసే పనే, కాస్త బీదగా.

మా అత్తయ్య ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. బ్యాట్ శవాన్ని చూసి లబలబలాడింది. "ఏటమ్మా ఇది? రాత్రికి మచ్ఛర్లు నన్నెత్తుకుపోతే నీ సైన్సు ఒచ్చి కాపాడతాదేటి?"

"ఒక్క స్టాల్ దొరకనీ అత్తయ్యా, కొత్తది కొంటాను."

మూడు రోజులు కుస్తీ పట్టాను. సముద్రపు గాలికి మంట నిలవదు. కిటికీలు మూస్తే చెమట సూదుల మీద కారుతుంది. ఎడం తగ్గిస్తే మంట లేకుండానే దూకేస్తుంది, పెంచితే మంట ఉన్నా దూకదు. మా ఆయన పోర్టులో పనిచేస్తారు. "ఛోడో యార్, అగ్నిపర్వతం బాగానే ఉంటది కదా" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా పట్టుదల పెరిగింది.

శనివారం సార్ వచ్చారు. కిటికీలు, తలుపులు మూశాం, ఫ్యాన్ ఆపాం. మాకు పంపు నీళ్ళు రోజూ రావని మీకు తెలుసుగా. ఆరోజు మా వంతు కాదు, ఆ ధీమా కూడా ఉంది. ఊరంతా నిశ్శబ్దం. సార్ కుర్చీ ముందుకి లాక్కుని సూదుల మీదకి వంగారు. అత్తయ్య కూడా ఊపిరి బిగబట్టింది. కుడిచేత్తో బటన్ నొక్కి పట్టి, ఎడమచేత్తో కొవ్వొత్తిని మెల్లగా జరుపుతున్నాను. ఇంకొంచెం... ఇంకొంచెం...

"పానీ ఆ గయా!"

పక్కింటి షీలా దీదీ కేక! ఒక రోజు ముందే నీళ్ళు! మా కుళాయి కూడా గుర్రుమంది. సార్ వాళ్ళింట్లో నీళ్ళు పట్టుకోవాలని కుర్చీ తన్నేసి గేటు వైపు పరిగెత్తారు. అత్తయ్య బిందెలకి, మా ఆయన పైపుకి పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడే వినపడింది, ఠప్!

తిరిగి చూశాను. తలుపు తీసిన గాలికి కొవ్వొత్తి ఆరిపోయి ఉంది. ముక్కుకి ఘాటుగా ఏదో వాసన. మళ్ళీ వెలిగిద్దామని అగ్గిపెట్టె అందుకునేలోపు మా ఆయన లాక్కొచ్చిన పైపు చెక్కకి తగిలింది. చెక్క, సూదులు, బ్యాట్ అన్నీ బుడుంగుమని పక్కనున్న నీళ్ళ డ్రమ్ములోకి!

"అరె, సారీ సారీ! ముందు ఆ రెండో డ్రమ్ము జరుపు!" అన్నారాయన. ఏడుపొచ్చింది. అయినా జరిపాను. నీళ్ళండీ మరి!

రాత్రి సార్ ఫోన్. "మేడమ్, గేటు దగ్గరుండగా ఠప్ మని వినపడింది. స్పార్క్ దూకిందా? మీరు చూశానంటే చాలు, మీ మాట మీద స్టాల్ రాసేస్తాను."

ఒక్క మాట! "చూశాను" అంటే సరిపోతుంది. కానీ చూడనిది చూసినట్టు పిల్లలు రికార్డులో రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేది నేనే కదా.

"సార్... అప్పుడు నేను కూడా కుళాయి వైపే చూస్తున్నానండీ."

అవతల కాసేపు నవ్వాపుకోలేకపోయారు. "వెనిగర్ నేను తెస్తాలెండి" అన్నారు.

ఈ పొద్దున్నే కొత్త బ్యాట్లు కొన్నాను, అత్తయ్యకొకటి, నాకొకటి. వచ్చే ఏడాది వదలను. స్పార్క్‌ని ఎటు కావాలంటే అటు తిప్పడం దాదాపు వచ్చేసింది. కుళాయి గుర్రుమన్నప్పుడు నా తల తిరక్కుండా ఆపడమే ఇంకా ప్రాక్టీసు చెయ్యాలి.