కళ్ళెం జరిగిన గుర్రం

ఆ టీషర్టుల అచ్చు షాపులో ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవరు. వెనకాల అందరూ 'వెంట్రుకవాసమ్మ' అంటారు. అచ్చు యంత్రం నడిపే ప్రెస్సు మావయ్య ఒక్కడే ఆ మాట ముఖం మీదే అనేస్తాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, కంప్యూటరు తెరలోకి దూరిపోయేలా వంగి, "ఇంకొక్క వెంట్రుకవాసి జరిపితే చాలు మావయ్యా" అని ఆమె అనని రోజు లేదు మరి.

అచ్చు వేయించుకునే మహానుభావులు ఫోన్లో గోరంత ఫొటో పంపి, దాన్ని కొండంత చేసి వీపు మీద వేయమంటారు. అదైనా తిన్నగా ఉంటుందా అంటే, ఎవరో టీ ఒలకబోసి తుడిచినట్టు ఉంటుంది. దాన్ని ఆమె గీత గీతగా మళ్ళీ గీయాలి. ఆ తర్వాత ఏ రంగుకా రంగు విడదీసి, ఒక్కోదానికి ఒక్కో ఫిల్ము తీయాలి. ఆ ఫిల్ముతోనే సిరా దిగే జల్లెడలాంటి బట్ట తెర తయారవుతుంది. నల్ల టీషర్టయితే రంగుల అడుగున తెలుపు కూడా వేయాలి. ఆ తెలుపును కాస్త సన్నం చేయకపోతే, చీర కిందనుంచి లంగా కనిపించినట్టు అంచుల్లోంచి తొంగిచూస్తుంది. అన్ని ఫిల్ముల మూలల్లోనూ ఒకేచోట కూడిక గుర్తులు వేస్తారు. ప్రెస్సు మీద గుర్తు మీద గుర్తు కూర్చుంటే, రంగు పక్కన రంగు అతికినట్టు కూర్చుంటుంది.

ఎక్కడైనా ఇంతే. ఈ షాపులో మాత్రం ఇంకో తంటా ఉంది. ప్రెస్సుకున్న ఇనుప చేతుల్లో ఎరుపు తెర బిగించేది వంకర. ఎంత బిగించినా సిరా దిగేసరికి అచ్చు ఎడమకి పోతుంది. బాగుచేయడానికి వచ్చినవాడల్లా తల గోక్కుని, టీ తాగి వెళ్ళాడు. చివరికి ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. గుర్తుల్ని ఉన్నచోటే ఉంచి, ఫైల్లో ఎరుపు బొమ్మను మాత్రం వెంట్రుకవాసి కుడికి జరిపేది. ప్రెస్సు ఎడమకి లాగేది, ఆమె కుడికి తోసేది, ఇద్దరి పంతం మధ్య ఎరుపు సరిగ్గా పడేది. ఈ సంగతి ఆమెకీ మావయ్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. దాచిపెట్టిందేమీ కాదు, ఎవరూ అడగలేదంతే.

చిన్నప్పుడు ఎంబ్రాయిడరీ బొమ్మల్ని కిటికీ అద్దానికి అంటించి, ఎండ వెలుతురులో కాగితం మీదకి దించుకునేది. షాపులో మొదట ఇస్త్రీ బల్ల దగ్గర చేరింది. చేతులు ఖాళీ అయితే చాలు, మావయ్య వెనకాల నిలబడి తెరలు కడిగేది, సిరా కలిపేది. అలా అలా కంప్యూటరు దాకా వచ్చింది. తను తంటాలు పడి నేర్చుకున్నది చెల్లెలికి కూర్చోబెట్టి నేర్పాలని ఆమెకు ఆశ. చిన్నదానికి రంగుల మీద మంచి చూపు. అందుకని సెలవురోజుల్లో షాపు ఫైళ్ళు పెన్ డ్రైవులో వేసుకుని ఇంటికి తెచ్చి, పాత కంప్యూటర్లో దానికి వేసిచ్చేది. ఫైలు గడప దాటకూడదన్నది ఓనరు గట్టిగా పెట్టిన నియమం. అన్నిటికీ కొలతలు చూసుకునే మనిషి, చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్కటీ చూసీ చూడనట్టు వదిలేసింది.

ఇంత చేస్తే, చిన్నది మందుల షాపులో కౌంటరు ఉద్యోగం దొరికిందంటూ అటు పోయింది. ఆమెకు కాస్త మనసు చివుక్కుమంది. "పోనీలేవే, దాని ఇష్టం" అంది అమ్మ. పోనీలే అనుకుంది ఆమె కూడా.

ఇక గుర్రం సంగతి. పొద్దున్నే నది ఒడ్డున పరుగులు తీసేవాళ్ళ సంఘం ఒకటి ఏటా ఈ షాపుకే వచ్చేది. నల్ల టీషర్టు మీద తెల్ల గుర్రం, మెడ విదిలిస్తూ ఉంటుంది, ఎర్ర కళ్ళెం. వాళ్ళు తెచ్చిన మసక ఫొటోలో అది గుర్రమో మేకో కూడా తెలిసేది కాదు. జూలులో ప్రతి పాయా ఆమె గీసిందే. అది ఆమె ముద్దుబిడ్డ. ఈ ఏడు సంఘంవాళ్ళు ఎందుకో రాలేదు.

ఒకరోజు పొద్దున ఓనరు ఆమె బల్ల మీద ఒక నల్ల టీషర్టు పరిచాడు.

"ఇది మన గుర్రమేనా?"

"మనదే సార్."

"మనం వేశామా?"

ఆమె టీషర్టును దగ్గరికి లాక్కుంది. ప్రెస్సు మావయ్య సిరా చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. "పాత టీషర్టు చూసి ఎవరో గీసుకుని ఉంటారు సార్. ఈ అమ్మాయి అలాంటిది కాదు."

"సంఘంవాళ్ళు ఈసారి వంతెన అవతల కొత్త షాపులో వేయించుకున్నారట" అన్నాడు ఓనరు. "ఆ కంప్యూటరు ఈమె తప్ప ఇంకెవరూ ముట్టరు. చూడమ్మా, నేను నిన్నేమీ అనడం లేదు. రేపు పొద్దున నువ్వే వచ్చి ఏ సంగతీ చెప్పు."

ఏమీ అనడం లేదంటూనే అనాల్సిందంతా అనేసి వెళ్ళాడు. మావయ్య టీషర్టును వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళెం కుడికి జరిగి ఉంది. కళ్ళెం తాడు నల్ల బట్ట మీదకి వేలాడేచోట ఎడమ పక్కన నూలుపోగంత తెలుపు బయటపడింది. ఆయన ముఖం వాడిపోయింది.

"చూసి గీసినదైతే కళ్ళెం సరిగ్గా ఉండేది కదమ్మాయ్" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది నీ ఫైలే. తిన్నగా ఉన్న ప్రెస్సు మీద వేశారు. ఎవరికిచ్చావు?"

ఆమె ఇచ్చింది ఒక్కరికే.

మధ్యాహ్నం భోజనం డబ్బా అలాగే వదిలేసి వంతెన దాటింది. కొత్త షాపుకి ముందంతా అద్దమే. లోపల ఒక పెద్ద కంప్యూటరు తెర ముందు చిన్నది కూర్చుని ఉంది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఆ కూర్చునే తీరు కూడా తనదే. ఆ క్షణంలో ఆమెకు కోపం కన్నా ముందు సిగ్గు వేసింది, తన ఇంట్లోనే తనను వెర్రిదాన్ని చేశారని.

చెల్లెలు చూసి బయటికొచ్చింది. తడబడలేదు. "అమ్మ చెప్పేసిందా?" అంది.

అమ్మకి కూడా తెలుసన్నమాట. రోజూ సాయంత్రం తలుపు తీస్తూ, "చిన్నది మందుల షాపు నుంచి ఇంకా రాలేదే" అనే అమ్మకి.

"నా గుర్రాన్ని అమ్ముకున్నావటే?" అంది ఆమె.

"అమ్ముకోవడమేంటక్కా, నువ్వే కదా ఇచ్చావ్. నీ పక్కన ఎన్నాళ్ళని కూర్చుని చూస్తూ ఉండను? మౌస్ నా చేతికిచ్చినట్టే ఇచ్చి, మళ్ళీ నువ్వే లాక్కునేదానివి." చెల్లెలు గొంతు పెంచింది. "అయినా ఆ ఫైల్లో ఎరుపు తప్పుగా ఉందేంటి? గుర్తులన్నీ సరిగ్గా కూర్చున్నాయి, కళ్ళెం మాత్రం పక్కకి పోయింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. గడువైపోయి అలాగే పంపేశాం. మా ఓనరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. అసలు సంగతి నా దగ్గరే దాచావు కదా! సొంత చెల్లెలికి చేసే పనేనా ఇది?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నవ్వు కూడా వచ్చింది. దొంగిలించిన మనిషి సరుకు బాగాలేదని దెబ్బలాటకొస్తే ఏమనాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. వచ్చిన దారినే తిరిగొచ్చేసింది. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ పెట్టిన అన్నం ముట్టకుండా పడుకుంది.

మర్నాడు ఓనరు ముందు నిలబడి, "ఫైలు నేనే ఇంటికి పట్టుకెళ్ళాను సార్" అంది.

"ఎవరికిచ్చావు?"

చెల్లెలి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ కొత్త షాపు మీద ఓనరు ఎలా విరుచుకుపడతాడో, అక్కడ చిన్నదాని గతి ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"నా చేతిలోంచే పోయింది సార్. అది చాలదా?"

ఓనరు కంప్యూటరు గది తాళం చెవులు బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు. ప్రెస్సు మావయ్య తల ఎత్తకుండా తెర కడుగుతూనే ఉన్నాడు. ఆ తెర అప్పటికే శుభ్రంగా ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది. చిన్నది. పని పోయిందన్న కబురు తెలిసి చేసిందేమో, కాస్త ఏడుస్తుందేమో అనుకుని తీసింది.

"అక్కా, ఒక్క సంగతి చెప్పు. నా దగ్గరున్న మిగతా ఫైళ్ళలో కూడా ఎరుపొక్కటే జరిపావా, పసుపు కూడానా? ఎంత జరిపావ్?"

ఆమె ఫోను పెట్టేసింది. అది మళ్ళీ మోగింది. వంటింట్లో గిన్నెలు తోముకుంటున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే అంది, "చెప్పొచ్చు కదే. అదేమైనా పరాయిదా?"

"పరాయిదైతే చెప్పేసేదాన్నే అమ్మా" అంది ఆమె. "ఇవాళ పొద్దున్నే, మా ఓనరుకి, దాని పేరు."