రెక్క మీద చెయ్యి

నిన్న ఫ్రిజ్‌లో పేరుకున్న మంచును గీకుతుంటే వేలికొసలకు గరుకు కాగితంలా తగిలింది. బాలకిష్టయ్య సార్ గుర్తొచ్చారు. ఆయనది వనపర్తి. ఎనభైల చివర్లో నేను గద్వాలలో ఇంటి మగ్గం వదిలి, ఉత్తరాది కొండల్లోని ఒక విమానాశ్రయంలో మరమ్మతుల పనికి కుదిరినప్పుడు ఆయనే నా పైఅధికారి. చలికాలం ఉదయాల్లో విమానం రెక్కల మీది మంచు తుడిపించి, మంచు మళ్లీ పట్టకుండా వేడి మందునీళ్లు కొట్టించి, ఆఖరున చేతితొడుగు తీసి ఒట్టి అరచేత్తో రెక్క పొడవునా తడిమేవారు. పొర ఎంత పలచనిదైనా రెక్క మీద గాలి సాఫీగా పారదని, నేల వదిలిన విమానం పైకి లేవలేక కూలిపోతుందని చెప్పేవారు. గడ్డకట్టిన పొర ఒక్కోసారి అద్దంలా ఉండి కంటికి ఆనదు. అందుకే చెయ్యి.

ఒక జనవరిలో, నాన్నను దవాఖాన నుంచి ఆశ లేదని ఇంటికి పంపారని టెలిగ్రామ్ వచ్చింది. సార్ అప్పటికప్పుడు సెలవు రాసి, మరునాటి ఉదయం ఢిల్లీ వెళ్లే సరుకు విమానంలో నాకు చోటు అడిగి పెట్టారు. మనుషులు తక్కువై ఆ విమానం రెక్కలు నేనే తుడిచాను. తొందరగా తుడిచాను. సార్ తడుముతూ వచ్చి ఎడమ రెక్క దగ్గర ఆగిపోయారు.

"ఈడ చెయ్యి పెట్టు" అన్నారు. నున్నగా, రాయిలా తగిలింది.

"ఎండొస్తది సార్, అదే కరుగుతది" అన్నాను.

"కరిగినంకనే పోనీ. నువ్వు ఎక్కుతున్నవని నేను కండ్లు మూసుకోవాల్నా?"

విమానం ఎగరొచ్చని ఆయన సంతకం పెట్టలేదు. మళ్లీ కడిగేలోపు కొండల మీదికి మబ్బు దిగింది. ఆ రోజు విమానం కదలలేదు. మర్నాడు బయల్దేరి, ఢిల్లీలో రైలెక్కి నేను గద్వాల చేరాను. నాన్న ముందు రోజే పోయారు. తమ్ముడు తలకొరివి పెట్టాడు.

తిరిగి వెళ్లాక సార్‌తో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆయన ఎందుకని అడగలేదు. వేసవిలో ఇద్దరం సెలవు మీద వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం ఆయన వనపర్తి బస్సు దిగి మా ఇల్లు కనుక్కుంటూ వచ్చారు. అమ్మ ఎదుట కూర్చుని, ఆ దినం విమానం ఆపింది తానేనని, తన మూలంగానే కొడుకు తండ్రి ఆఖరి చూపుకు అందలేదని చెప్పారు. మంచు ఎవరు వదిలేశారో చెప్పలేదు. అది నేనే చెప్పాను.

అమ్మ ఆయనతో, "మా ఆయన ఇంట్ల మంచం మీద పోయిండు సారూ. అందరం సుట్టు ఉన్నం. వీడు ఆ కొండలల్ల పడిపోతే నేను యాడ దేవులాడుకోవాలె?" అంది. లేచి ఆయనకు అన్నం పెట్టింది.

తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఎవరు ఎంత తొందరపెట్టినా, నా అరచెయ్యి తాకని రెక్కకు నేను సంతకం పెట్టలేదు. నాన్న ఆఖరి చూపు దక్కలేదన్న బాధ అలాగే ఉంది. సార్ మీద కోపం మాత్రం ఆ మధ్యాహ్నమే పోయింది.