సునందమ్మక్క వెనక్కి పంపిన మనిషి

ఈరోజు పొద్దున మా కంటాసుపత్రిలో, ఆపరేషను గది బయట ఒక ముసలామె చెప్పులు విప్పగానే పసుపూ చీమూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. పాదానికి పాతచీర పీలిక చుట్టుకుని ఉంది. కంటికోసం వచ్చినవాళ్ళు కాలి పుండు సంగతి చెప్పరు. కన్ను వేరు, కాలు వేరు అనుకుంటారు పాపం. ఆ వాసనకు సునందమ్మక్క గుర్తొచ్చి, ఇక పని మీద మనసు నిలవలేదు.

అక్క ప్రొద్దుటూరులో మా ఆసుపత్రికి పెద్ద నర్సు. జమ్మలమడుగు క్రైస్తవ మిషను ఆసుపత్రి కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. శుక్లాల ఆపరేషనుకు ముందు ఎవరికి షుగరుందో, బీపీ ఉందో, ఎవరి గుండె బాగాలేదో కనుక్కునే పని నాకు నేర్పింది ఆమే. కొత్తలో నేను "షుగరుందా?" అని సూటిగా అడిగేదాన్ని. అందరూ లేదనేవాళ్ళు. ఉందంటే ఇంటికి పంపేస్తారని భయం. అక్క ఆ మాటే ఎత్తేది కాదు. "ఏమేం తినేది మానేసినావు?" అని అడిగేది. దానికి మాత్రం ఎవరూ అబద్ధం చెప్పలేకపోయేవారు. నోరు కట్టుకున్న కష్టం ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రతి మనిషికీ ఉంటుంది.

ఓబులేసు అనే గొర్రెల కాపరి అట్లాగే దొరికిపోయాడు. గండికోట ప్రాజెక్టు నీళ్ళలో ఊరు మునిగాక కొండాపురం దగ్గర నిర్వాసితుల కాలనీలో ఉండేవాడు. చిన్నప్పుడే తుమ్మముల్లు గుచ్చుకుని ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటికీ శుక్లం ముదిరింది.

"బెల్లం మానేసినా, మామిడిపండు మానేసినా," అన్నాడు.

"మరి షుగరు లేదంటివే మామా?" అంది అక్క.

"మాత్రలు గూడా మానేసినా గదమ్మా. ఇంగ షుగరు యాడుంటాది?"

నాకు నవ్వాగలేదు. అక్క నవ్వలేదు. వంగి అతని కాలికి చుట్టుకున్న గుడ్డ విప్పింది. పుండు లోతుగా దిగి ఉంది. రక్తపరీక్ష చూసి డాక్టరు ఇప్పుడు వద్దన్నాడు. ఆ మాట చెప్పే పని ఎప్పటిలాగే అక్క మీద పడింది.

"కాల్లో చీము పెట్టుకోని కన్ను కోస్తే, అది కంటికీ పట్టుకుంటాది మామా. ఉండేది ఒగ కన్ను. పుండు మాననీ, షుగరు దిగనీ. నేనే దగ్గరుండి చేయిస్తా."

"అన్నాళ్ళు ఆగితే నా గొర్లు ఉండవమ్మా. కండ్లు లేనోనికి మంద ఎందుకని నా కొడుకు అమ్మేస్తానంటాండాడు. రోంత చూపొస్తే సాలు." ఆమె చేయి పట్టుకుని బతిమాలాడు.

అక్క చేయి విడిపించుకోలేదు, మాటా మార్చలేదు. పుండుకు కట్టు కట్టి, మాత్రలిచ్చి పంపింది.

రమ్మన్న రోజుకు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అక్క ఉండబట్టలేక నన్ను వెంటబెట్టుకుని ఆ కాలనీకి వెళ్ళింది. ఇంటి పక్కన గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. అతని భార్య గడపలో కూర్చుని చెప్పింది.

"పుండు మానేకొచ్చిందమ్మా. ఒగపూట తప్పకుండా మాత్రలు మింగినాడు. గొర్లు అమ్మినాక మానేసినాడు. 'ఇంగ ఎవురిని సూసేదానికి?' అన్నాడు. పోయిన వారం గుండె ఆగిపాయె."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేదేమో. తిరిగొస్తూ ఆటోలో అన్నాను: "మీ తప్పేముంది అక్కా? ఆ రోజు చేసుంటే కన్ను పోయేది."

"కన్ను పొయ్యేది, నిజమే. ఆగమంటే మనిషే పాయె, అదీ నిజమే పాపా," అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

ఆ తర్వాత కూడా అక్క మెత్తబడలేదు. వెనక్కి పంపాల్సినవాళ్ళను పంపుతూనే ఉండేది. కాకపోతే పంపేముందు పక్కన కూర్చుని, "ఆగితే నీకేం పోతాది?" అని అడిగేది. ఒకరిద్దరి కొడుకులకు ఫోను చేసి నచ్చజెప్పేది. చాలామందికి ఏమీ చేయలేకపోయేది. రెండేళ్ళ కిందట ఆమె కూడా పోయింది. ఇప్పుడు ఆమె పని నాది. నేనూ అదే అడుగుతాను, చెప్పిందంతా వింటాను. విన్నాక, ఎక్కువమందిని వెనక్కే పంపుతాను.